పాత విమానం.. చవక బేరం.. పెను భారం
గాల్లోకి లేచే యంత్రాన్ని కొనేటప్పుడు చూడవలసింది ధర కాదు, దాని చరిత్ర

ఆదోని, ఎమ్మిగనూరు: ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో ఎద్దుల జత కొనే రైతు ముందుగా ధర అడగడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. నాలుగు అడుగులు నడిపిస్తాడు. గిట్టలు పరిశీలిస్తాడు. ఏ ఊరి ఎద్దులు, ఎవరి చేతిలో పెరిగాయి అని ఆరా తీస్తాడు. ఆ తర్వాతే బేరానికి దిగుతాడు. ఆదోనిలో పాత లారీ కొనే పత్తి వ్యాపారి కూడా రంగు చూసి మురిసిపోడు. ఇంజను చప్పుడు వింటాడు, ఎఫ్‌సీ ఎప్పటి వరకు ఉందో చూస్తాడు, ఫైనాన్సు బాకీ మిగిలి ఉందేమో విచారిస్తాడు. పాత వస్తువు కొనడంలో పశ్చిమ కర్నూలు ప్రజలకు తరతరాలుగా అబ్బిన ఈ జాగ్రత్త ఇప్పుడు మరొక రంగంలోనూ అవసరమవుతోంది. అది తేలికపాటి విమానాల రంగం.

విమానం మనకెందుకు అని తోసిపుచ్చే రోజులు పోయాయి. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. అటు బళ్లారి వైపు తోరణగల్లులో విద్యానగర్ విమానాశ్రయం ఉంది. పైలట్ శిక్షణ సంస్థల కోసం భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 2021లో ఎంపిక చేసిన వాటిలో కలబురగి, 2022లో ఎంపిక చేసిన ఐదింటిలో కడప ఉన్నాయి. పైలట్ కావాలన్న కోరిక నగరాల నుంచి పట్టణాలకు పాకింది. వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీసం 200 గంటలు గాలిలో ఎగరాలి. దానికయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది. భూమి అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో ఆ సొమ్ము కట్టే తల్లిదండ్రులు తమ బిడ్డ ఎక్కబోయే విమానం వయసెంత, దాని పూర్వాపరాలేమిటి అని అడగడం అరుదు. విమానం కొనేది ఒకరు, అందులో కూర్చునేది మరొకరు. కొన్నవారి లెక్క తప్పితే మూల్యం చెల్లించేది నడిపేవారే. ఈ అంశాన్ని జిల్లా పాఠకులు తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

పాతవే ఎందుకు?

ప్రపంచమంతటా శిక్షణకు, సొంత ప్రయాణాలకు వాడే చిన్న విమానాలలో అత్యధికం దశాబ్దాల నాటివే. రెండు సీట్ల సెస్నా 152 విమానాల తయారీ 1977లో మొదలై 1985లో ఆగిపోయింది. అంటే నేడు ఎగురుతున్న ప్రతి సెస్నా 152 వయసూ సుమారు 40 ఏళ్లు, లేదా అంతకు మించి. నాలుగు సీట్ల సెస్నా 172 విమానం 1956 నుంచి మార్కెట్లో ఉంది. ఇప్పటి వరకు 44 వేలకు పైగా తయారై, లోకంలో అత్యధికంగా తయారైన విమానంగా పేరు పొందింది. దాని తయారీ కూడా 1986లో నిలిచిపోయి, మళ్లీ 1996లోనే మొదలైంది.

ఆ పదేళ్ల విరామానికి కారణం గమనించదగినది. ఎన్నడో అమ్మిన విమానం ఎప్పుడు కూలినా బాధితులు తయారీ సంస్థపై కోర్టుకెక్కే పరిస్థితి అమెరికాలో ఉండేది. నష్టపరిహారాలు, బీమా భారం తట్టుకోలేక సంస్థలు చిన్న విమానాల తయారీని తగ్గించుకున్నాయి. చివరకు 1994లో అమెరికా ఒక చట్టం చేసింది. 18 ఏళ్లు దాటిన చిన్న విమానం విషయంలో, కొన్ని మినహాయింపులు తప్ప, తయారీదారుపై దావా వేయడానికి వీలులేదని దాని సారాంశం. తయారీ పునఃప్రారంభానికి ఆ చట్టం దారి చూపింది. పాత విమానం కొనేవారికి మాత్రం అది ఒక హెచ్చరిక. 18 ఏళ్లు దాటిన యంత్రం పూచీని తయారు చేసిన దేశపు చట్టమే తయారీదారు భుజం నుంచి దించివేసింది. ఆ బరువు ఇక కొన్నవారి మీదే.

కొత్త శిక్షణ విమానం ధర కోట్లలో ఉండగా, పాతది అందులో చిన్న భాగానికే లభిస్తుంది. కొత్తగా సంస్థ పెట్టేవారిని, సొంత విమానం కలగనే వ్యాపారులను ఆకర్షించేది ఈ తేడాయే. అయితే ఈ తేడా లాభమా, లేక వాయిదా పడిన ఖర్చా అన్నదే అసలు ప్రశ్న.

వయసు ఏళ్లలో లెక్కకు రాదు

పాత విమానమంటే ప్రమాదకరం, కొత్తదంటే క్షేమం అనుకోవడం పొరపాటు. ఇందుకు 2018 ఏప్రిల్ 4న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం డేటోనా బీచ్‌లో జరిగిన ప్రమాదమే ఉదాహరణ. ఎంబ్రీ-రిడిల్ విశ్వవిద్యాలయానికి చెందిన పైపర్ శిక్షణ విమానం గాలిలో ఉండగానే ఎడమ రెక్క ఊడిపోయింది. విద్యార్థి, పరీక్షకుడు ఇద్దరూ మరణించారు. ఆ విమానం 2007లో తయారైనది. అప్పటికి పదకొండేళ్లే. కానీ ఏడు వేలకు పైగా గంటలు ఎగిరింది. శిక్షణలో పదే పదే దిగుతూ, లేస్తూ ఉండడంతో రెక్కను మోసే దూలంలో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడ్డాయని దర్యాప్తులో తేలింది. దరిమిలా ఆ కోవకు చెందిన వేలాది విమానాల రెక్క దూలాలను విద్యుత్ తరంగాల పద్ధతిలో తనిఖీ చేయాలని అమెరికా విమానయాన సంస్థ ఆదేశాలు జారీ చేసింది.

ఇందుకు భిన్నమైన ముప్పు మరొకటుంది. తక్కువ గంటలు తిరిగిన విమానమంటూ అమ్మకందారు గొప్పగా చెప్పేది కొన్నిసార్లు ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న విమానం కావచ్చు. సీజను ముగిశాక తిప్పకుండా వదిలేసిన జిన్నింగ్ యంత్రం మరుసటి ఏడాది ఎంత సతాయిస్తుందో ఆదోని మిల్లుల వారికి తెలియనిది కాదు. విమానం ఇంజనుదీ అదే తీరు. తిరగని ఇంజనులో లోపలి భాగాలపై ఉన్న నూనె పొర జారిపోయి తుప్పు పడుతుంది. సముద్ర తీరంలో నిలిచిన విమానమైతే అల్యూమినియం రేకుల మధ్య తేమ చేరి లోహాన్ని తినేస్తుంది. పైన కొత్త రంగు వేస్తే అది కనబడదు. మన ప్రాంతపు పొడి వాతావరణం తుప్పు విషయంలో కొంత మేలే. కానీ ఎండల తీవ్రతకు రబ్బరు గొట్టాలు, సీళ్లు బీటలు వారతాయి.

ఎండకు మరో ప్రభావం ఉంది. వేడి పెరిగిన కొద్దీ గాలి పలుచబడుతుంది. ఇంజను శక్తి, రెక్కల లేపుడు బలం రెండూ తగ్గుతాయి. విమానం నేల విడవడానికి ఎక్కువ దూరం పరుగెత్తవలసి వస్తుంది. కొత్తదిగా ఉన్నప్పుడు పుస్తకంలో రాసిన లెక్కలు, అరిగిపోయిన ఇంజనుతో 40 డిగ్రీలు దాటిన రాయలసీమ మధ్యాహ్నానికి వర్తించవు.

ఇంజను మిగులు ఎంత?

పాత విమానం ధరలో ప్రధాన భాగం ఇంజనులో మిగిలిన ఆయువే. సెస్నా 172 వంటి విమానాల లైకమింగ్ ఇంజనులలో పలు రకాలకు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అప్పుడు పూర్తిగా విప్పి బాగు చేయాలని తయారీదారు సూచన. గంటలు మిగిలి ఉన్నా ఏళ్లు నిండితే ఆయువు తీరినట్లే.

ఒక విమానం ఇంజను 1,700 గంటలు తిరిగిందనుకుందాం. పుస్తకం ప్రకారం మిగిలినవి 300 గంటలు. ఏడాదికి 600 గంటలు తిప్పే శిక్షణ సంస్థకు అవి ఆరు నెలలకు సరిపోతాయి. ఆ పిమ్మట ఇంజనును విప్పవలసిందే. ఆ ఖర్చు చేతిలో లేకపోతే మిగిలేవి రెండే దారులు. విమానాన్ని నిలిపివేయడం ఒకటి, ఏదో విధంగా లాగించడం మరొకటి. ప్రమాదాలు పుట్టేది రెండో దారిలోనే. పాత లారీ ఇంజను నడిరోడ్డున ఆగితే డ్రైవరు పక్కకు నెట్టి మెకానిక్ కోసం ఎదురు చూస్తాడు. ఒకే ఇంజను ఉన్న విమానంలో ఆ అవకాశం ఉండదు. పైలట్ కొద్ది నిమిషాలలోనే దిగడానికి చోటు వెతుక్కోవాలి.

కొనుగోలుకు ముందు సిలిండర్ల పీడనం కొలవడం, సన్నని కెమెరా గొట్టంతో ఇంజను లోపలి భాగాలను చూడడం, నూనె వడపోతలో లోహపు రజను ఉందేమో పరీక్షించడం కనీస జాగ్రత్తలు. ఈ పరీక్షలు చేసే ఇంజనీరు అమ్మేవారి మనిషి కాకూడదు. కొనేవారు సొంతంగా నియమించుకున్న, ఆ రకం విమానంపై లైసెన్సు ఉన్న ఇంజనీరు అయి ఉండాలి.

లాగ్‌బుక్కే జాతకం

విమానానికి, ఇంజనుకు, ప్రొపెల్లర్‌కు వేర్వేరు లాగ్‌బుక్కులు ఉంటాయి. ఏ తేదీన ఏ భాగం మార్చారు, ఏ ప్రమాదం జరిగింది, ఎవరు సంతకం చేశారు అన్నది అందులో నమోదై ఉండాలి. ఒక్క పుస్తకం పోయినా ఆ కాలపు చరిత్ర చీకటే. అలాంటి విమానం ఎంత చవకగా వచ్చినా కొనకపోవడమే మేలు. రెక్క ఒకసారి దెబ్బతిని అతికించినదా, నేలను తాకి ప్రొపెల్లర్ వంగితే ఇంజనును విప్పి చూశారా లేదా అన్నవి రంగు వేసిన విమానాన్ని చూసి చెప్పడం అసాధ్యం.

మన దేశంలో నమోదైన విమానానికి వీటీ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రం, ఎగరడానికి యోగ్యతా పత్రం, దానిపై ఏటా జరిగే సమీక్ష పత్రం తప్పనిసరి. లోపాలు బయటపడినప్పుడు ఆ రకం విమానాలన్నింటికీ తప్పనిసరి మరమ్మతు ఆదేశాలు వెలువడతాయి. పాత రకానికి అలాంటి ఆదేశాలు దశాబ్దాలుగా పేరుకుపోయి ఉంటాయి. ఒక్కొక్కటీ అమలు చేసినట్లు రుజువు చూడాలి. విదేశాల నుంచి పాత విమానం తెచ్చుకోవాలంటే వయసు నిబంధనలు, ముందస్తు అనుమతులు అదనం. అనుమతి రాకముందే బయానా కట్టినవారు ఇరుక్కుపోతారు.

చట్టం కూడా మారింది. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. విమానాలపై రుణదాతల హక్కులను కాపాడే మరో చట్టాన్ని పార్లమెంటు 2025లోనే ఆమోదించింది. అందువల్ల లారీకి ఫైనాన్సు బాకీ చూసినట్లే విమానంపై తాకట్టు ఉందేమో రికార్డులలో చూడడం అవశ్యం.

కొన్న తర్వాతే అసలు ఖర్చు

ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లుగా, విమానం కొని నిర్వహణకు వెనుకాడేవారు ముప్పును కొని తెచ్చుకున్నట్లే. షెడ్డు అద్దె, బీమా, ఏటేటా తనిఖీ, ఇంజనీరు జీతం వంటివి విమానం ఎగిరినా ఎగరకపోయినా తప్పవు. లెక్క కోసం ఈ స్థిర ఖర్చు ఏడాదికి రూ.10 లక్షలు అనుకుందాం. ఏడాదికి 500 గంటలు తిరిగితే గంటకు రూ.2 వేలు పడుతుంది. సరదాకు కొన్న వ్యాపారి 50 గంటలే తిప్పితే గంటకు రూ.20 వేలు అవుతుంది. ఇందులో ఇంధనం, ఇంజను మరమ్మతుకు దాచవలసిన సొమ్ము కలవలేదు. తిప్పితే అరుగుదల, తిప్పకుంటే తుప్పు. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న సొంతదారు తొలుత కోత పెట్టేది నిర్వహణకే.

ఇంధనం సమస్య వేరు. పాత పిస్టన్ ఇంజను విమానాలలో అత్యధికం ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలు మీద నడుస్తాయి. 2022 వరకు దేశానికి అవసరమైనదంతా దిగుమతే. ఆ ఏడాది సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలోని గుజరాత్ రిఫైనరీ నుంచి స్వదేశీ ఏవ్‌గ్యాస్‌ను విడుదల చేసింది. అయినా పెద్ద విమానాల ఇంధనంలా ఇది అన్ని విమానాశ్రయాలలో దొరకదు. విడిభాగాలు విదేశాల నుంచి రావాలి. ఒక్క చిన్న భాగం కోసం విమానం వారాల తరబడి నేలపైనే ఉండిపోయే సందర్భాలుంటాయి. అప్పు చేసి కొన్నవారికి ఆ వారాలలోనూ వడ్డీ ఆగదు.

తెలుగు నేలపై పాఠాలు

చిన్న విమానాల విషాదాలు తెలుగు ప్రజలకు కొత్త కాదు. 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారం కోసం కరీంనగర్ బయలుదేరిన సినీ నటి సౌందర్య బెంగళూరు జక్కూరు నుంచి లేచిన కొద్దిసేపటికే విమానం కూలి సోదరుడితో సహా మరణించారు. విమానంలోని నలుగురిలో ఎవరూ బతకలేదు. అది సెస్నా 180 రకం. ఆ రకం తయారీ 1981లోనే ఆగిపోయింది.

2009 సెప్టెంబరు 2న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టరు ఉమ్మడి కర్నూలు జిల్లా నల్లమలలో, ప్రస్తుతం నంద్యాల జిల్లాలో ఉన్న పావురాలగుట్ట వద్ద కూలి ఐదుగురు మరణించారు. అది శిథిలమైన యంత్రం కాదు. గేర్‌బాక్సు చమురు పీడనానికి సంబంధించిన హెచ్చరిక రాగా పైలట్లు కొన్ని నిమిషాల పాటు దాని పరిష్కారం వెతకడంలో నిమగ్నమయ్యారని, అదే సమయంలో హెలికాప్టరు ప్రతికూల వాతావరణంలో చిక్కుకుందని త్యాగి కమిటీ దర్యాప్తులో తేలింది. యంత్రంలో తలెత్తిన చిన్న లోపం పైలట్ దృష్టిని మళ్లిస్తే వాతావరణం మిగతా పని పూర్తి చేస్తుందనడానికి ఇది నిదర్శనం. అరిగిన విమానంలో ఇలాంటి హెచ్చరికలు తరచుగా వస్తాయి. చేతిలో ఉన్నది అనుభవం లేని విద్యార్థి అయినప్పుడు పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద సెస్నా 172 కూలి ఇద్దరు శిక్షణార్థులు మరణించారు. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా తుంగతుర్తి గ్రామ పొలాల్లో సెస్నా 152 కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థి ప్రాణాలు కోల్పోయింది. ఈ ప్రమాదాలన్నింటికీ విమానం వయసే కారణమని చెప్పడం సరికాదు. వాతావరణం, ఎత్తు, నిర్ణయ లోపం వంటివి ఎన్నో కలిస్తేనే ప్రమాదం. కానీ తప్పు దిద్దుకోవడానికి మిగిలే కొద్దిపాటి అవకాశాన్ని నిర్వహణ లేని పాత యంత్రం మరింత తగ్గిస్తుంది.

తల్లిదండ్రులు అడగవలసినవి

పిల్లలను శిక్షణకు పంపే కుటుంబాలు ఫీజు రాయితీల కంటే ముందు కొన్ని వివరాలు అడగాలి. సంస్థ వద్ద విమానాలెన్ని, అందులో నేడు ఎగురుతున్నవెన్ని? ఇంజనులో మిగిలిన గంటలెన్ని? రెక్క దూలాల తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగింది? నిర్వహణ ఇంజనీర్లు సొంతవారా, పిలిపించుకునేవారా? సగం విమానాలు షెడ్డులోనే ఉంటే ఏడాదిలో ముగియవలసిన శిక్షణ రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా బ్యాంకు వడ్డీ పెరుగుతుంది. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ శిక్షణ సంస్థలకు ఏటా రెండుసార్లు శ్రేణులు ప్రకటించే పద్ధతి చేపట్టింది. చేరే ముందు వాటిని చూడడం మంచిది. వివరాలు చెప్పడానికి ఇష్టపడని సంస్థను వదులుకోవడమే ఉత్తమం.

విమానం కొనదలచిన వారికీ సూత్రం ఒకటే. కొనుగోలు ధర ఎంత చవకైనా, మొదటి ఏడాది మరమ్మతులకు, ఇంజను విప్పడానికి కావలసిన సొమ్ము వేరుగా చేతిలో ఉంటేనే ముందుకు సాగాలి. ఆ సొమ్ము లేకపోతే ఒంటరిగా కొనే బదులు నలుగురు కలిసి కొనడమో, గంటల లెక్కన అద్దెకు తీసుకోవడమో మేలు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ రూపొందించిన హంస-ఎన్‌జీ వంటి స్వదేశీ శిక్షణ విమానాలు తగిన సంఖ్యలో అందుబాటులోకి వస్తే విదేశీ పాత విమానాలపై ఆధారపడడం క్రమంగా తగ్గుతుంది. ఆ దిశగా ప్రభుత్వాలు వేగం పెంచాలి.

యంత్రం పూర్వచరిత్రను పట్టించుకోకపోవడం ఎంత చేటో ఈ జిల్లా రోడ్డు మీద కూడా చూసింది. 2025 అక్టోబరు 24న చిన్నటేకూరు వద్ద ప్రైవేటు స్లీపర్ బస్సు దగ్ధమై 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. ఆ బస్సు తొలుత డామన్-డయ్యూలో, పిమ్మట ఒడిశాలో నమోదైన వైనం అప్పుడు కానీ జనం దృష్టికి రాలేదు. టికెట్ కొన్నవారిలో ఎవరికీ దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియవు.

జాతరలో ఎద్దు పళ్లు చూడకుండా పగ్గం పట్టుకున్న రైతు ఒక సేద్యపు ఏడాదిని నష్టపోతాడు. లాగ్‌బుక్కు చూడకుండా పాత విమానం తాళం అందుకున్నవారు, అడగకుండా బిడ్డను అందులో కూర్చోబెట్టినవారు నష్టపోయేది తిరిగి సంపాదించుకోగలిగేది కాదు.